రాజీనామా ఆపడానికి నేరేడుపర్రు పోయిన వైనం

ఈ అయిదు రోజుల ప్రయాణం కాగితం మీద పెట్టడానికి ఒక కారణం ఉంది. మా కోరుకొండలో సర్కారు కొలువు మాట వస్తే జీతం గురించీ, పింఛను గురించీ, నడుముకు కట్టే బిళ్ళ గురించీ తప్ప ఇంకో మాట వినపడదు. నేనూ అంతవరకే అనుకునేవాణ్ణి. ఆ తెలివితోనే మా అక్క కూడూ గూడూ ఒక్క కాగితంతో పోగొట్టబోయాను. నాలాంటి చదువరి ఇంకొకడు అదే తప్పు చెయ్యకూడదంటే జరిగింది జరిగినట్టు రాయాలి. కాలవ దారిన ఎప్పుడూ పోనివాళ్ళకు ఆ దారి సంగతులు కూడా కొన్ని తెలుస్తాయి.

నా గురించి రెండు మాటలు. కోరుకొండ కొండ దిగువన నాకు చిన్న దినుసుల కొట్టు ఉంది. బడికి పోయింది రెండేళ్ళే. మిగతా చదువంతా పొట్లాలు కట్టే పాత కాగితాల మీద కూడబలుక్కున్నదే. తరవాత నెలకోసారి సరుకు కోసం రాజమండ్రి పోయినప్పుడల్లా అక్కడి పఠన మందిరంలో కూర్చుని చదవడం అలవాటు చేసుకున్నాను. ఆ బీరువాల్లో నేను చదవని తెలుగు పుస్తకాలు ఇప్పుడు పదికి మించి ఉండవు. ఇది కొంచెం గొప్పకే చెబుతున్నాను.

భాద్రపదం చివర్లో మా అక్క నూకమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆమె చెబుతుంటే ఎవరో రాసిపెట్టినది. మా బావ సూరన్న నేరేడుపర్రు లాకు దగ్గర హెడ్ లస్కరు. కొలువులో ఉన్న మనిషి కాబట్టి ఊరి పేరు మార్చాను. లాకు అంటే కాలవకు అడ్డంగా రెండు జతల తలుపులు బిగించి, మధ్యలో నీళ్ళు నింపీ తీసీ, పడవను మెరక నుంచి పల్లానికి దింపే, పల్లం నుంచి మెరకకు ఎత్తే కట్టడం. పదహారేళ్ళుగా ఆ తలుపులు తీసి మూసేది మా బావే. ఉత్తరంలో ఉన్నది ఇంతే: "మీ బావ కొలువు వదిలేస్తానంటున్నాడు. శుక్రవారం ఓవర్సీరు గారు తనిఖీకి వస్తారు. ఆయన చేతికే కాగితం ఇస్తాడట. కొలువు పోతే ఈ లాకు ఇల్లు ఖాళీ చెయ్యాలి. మాకు వేరే ఇల్లు లేదు, జానెడు నేల లేదు. నలుగురు పిల్లలు. ఎందుకంటే చెప్పడు. నువ్వు చదువుకున్నవాడివి, వచ్చి చెప్పు."

నేను చదివిన ఒక పుస్తకంలో మనుషులు పని చేసేది మూడింటి కోసమే అని ఉంది: కూలి, భయం, పేరు. లస్కరుకు పేరెక్కడిది? మా బావ భయపడే మనిషి కాదు. కాబట్టి కారణం కూలే అని కొట్టు మూయకముందే తేల్చేసుకున్నాను. అయినా బావకు చెప్పబోయే ముందు నాలుగు ఉదాహరణలు చేతిలో ఉంటే మంచిదనిపించింది. దారిలో కనబడ్డ సర్కారు నౌకరునల్లా "మీకు ఈ కొలువులో సంతోషం ఏమిటండి?" అని అడిగి పుస్తకంలో రాసుకుందామని బుధవారం తెల్లవారుతూనే బండెక్కాను.

ధవళేశ్వరం

రాజమండ్రి దాటేటప్పుడు గోదావరిలో రైలు వంతెన స్తంభాలు సగం లేచి కనిపించాయి. బండివాడు వాటికేసి చూసి, "ఇవి పూర్తయితే పడవలవాళ్ళ నోట్లో మన్నేనండి" అన్నాడు. ధవళేశ్వరం చేరేసరికి పొద్దు వాలింది. ఆనకట్ట మీంచి దూకే నీళ్ళ మోతకు పక్కమనిషి మాట వినపడదు. మెట్ట ఊరివాణ్ణి. మాకు బావిలో చేద తగిలిన చప్పుడే నీళ్ళ చప్పుడు. అరగంట నోరు తెరుచుకుని నిలబడ్డాను.

పూటకూళ్ళమ్మ ఇంట్లో రెండణాలకు భోజనం. కంద బచ్చలి కూర, పప్పు, గడ్డ పెరుగు. మా వైపు వచ్చినవాడికి ముందు కాళ్ళు కడుక్కోను నీళ్ళిస్తారు. ఇక్కడ గడపలో కాలు పెట్టకముందే "భోంచేస్తారా అండి?" అంటారు. నీళ్ళు ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి కాబట్టి ఇవ్వక్కర్లేదు కాబోలు.

అరుగు మీద తపాలా సంచీ మోసే రన్నరు పోలయ్య ఉన్నాడు. గజ్జెలు కట్టిన బరిసె పక్కన పెట్టుకుని చుట్ట కాలుస్తున్నాడు. నా ప్రశ్న వేశాను. నన్ను ఎగాదిగా చూశాడు.

"సంతోసమాండి? మీరు పైనుంచి వచ్చిన ఆఫీసరు గారు కాదు గదా?"

"కాదయ్యా, కోరుకొండలో దినుసులు అమ్ముకుంటాను."

"అయితే చెబుతాను. సంచీలో ఏముందో నాకు తెలవదండి. ఎవరి ఉత్తరం ఎవరికో నాకెందుకు? నేనొచ్చానని ఎవరూ సంతోసించరు కూడా. కానీ మొన్న జొరంతో రెండు రోజులు పడుకుంటే, నాలుగూళ్ళలో 'పోలయ్యేడీ, పోలయ్యేడీ' అన్నారంట. ఆ మాట చెవిన పడ్డాక జొరం దిగిపోయిందండి."

"మరి జీతం?"

"జీతం సంతోసం ఏంటండి బాబూ, అది తిండి."

ఈ మాట నా మూడింటిలో దేని కింద రాయాలో తోచలేదు. పేరు కింద రాసి, పక్కన చిన్న ప్రశ్న గుర్తు పెట్టాను.

కాలవ మీద

గురువారం ఉదయం రాదారి పడవ ఎక్కాను. గట్టు మీద నలుగురు మనుషులు తాడు లాగుతుంటే పడవ నడుస్తుంది. సరంగు వీరాస్వామి వెనక చుక్కాని పట్టుకుని కూర్చుంటాడు. నడిచే మనిషికీ పడవకీ వేగంలో పెద్ద తేడా లేదు గానీ కూర్చుని పోవచ్చు. రెండు వైపులా వరి చేలు, గట్టున కొబ్బరి, అరటి. ఈ వరి చేలు మా చోడి, అంటే రాగి, చేలల్లా గాలికి గరగరమనవు, మెత్తగా ఊగుతాయి.

పొద్దున్నే వీరాస్వామి నాకొక ముంతలో తరవాణి అన్నం పెట్టాడు, మీద పచ్చి ఉల్లిపాయ. మా చోడంబలి కంటే పులుపెక్కువ. రెండో ముంత నేనే అడిగాను.

పడవ గూడు కప్పు మీద కూర్చుని చూసినవన్నీ రాసుకుంటున్నాను. ఎదురు పడవ వచ్చినప్పుడు దాని తాడు మా పడవ మీదుగా పోవాలి. "తాడండీ, తల దించండి!" అని వీరాస్వామి అరిచాడు. వాక్యం పూర్తి చేసి దించుదామనుకున్నాను. తలపాగా, గొడుగు రెండూ కాలవలోకి పోయాయి. తలపాగా దొరికింది.

"ఏమండీ, అన్ని పుస్తకాలు చదివారంట, ఎందులోనూ తాడు సంగతి రాయలేదా?" అన్నాడు వీరాస్వామి. తాడు లాగేవాళ్ళు కడియం దాకా నవ్వుతూనే ఉన్నారు.

కడియంలో పడవ ఆగితే అర్ధణాకు పన్నెండు అరటిపళ్ళ అత్తం ఒకటి కొన్నాను. మా ఊళ్ళో అర్ధణాకు అందులో సగం వస్తే గొప్ప. అక్కడే ఒకాయన పెట్టె చంకన పెట్టుకుని పడవెక్కాడు. మశూచికి టీకాలు వేసే సర్కారు ఉద్యోగి, కృష్ణమూర్తి గారు. పళ్ళు ఆయన ముందు పెట్టి నా ప్రశ్న వేశాను.

"సంతోషమా?" అని ఆయన పండు ఒలవడం ఆపేశారు. "నేను ఊళ్ళో అడుగు పెడితే ఆడవాళ్ళు పిల్లల్ని గాదెల్లో దాస్తారు నాయనా. వడ్లల్లోంచి పిల్ల తుమ్మితే నేను పట్టుకోవాలి. కుక్కల్ని ఉసిగొల్పారు. ఒక చోట పేడనీళ్ళు పోశారు. అవి పడ్డది నా పెళ్ళి నాటి కండువా మీద."

"మరి మానెయ్యొచ్చు కదండీ?"

"మానేద్దామనే అనుకున్నాను. ఆ పేడనీళ్ళు పోసిన ఊళ్ళోనే మరుసటేడు అమ్మవారు పోసింది. నేను టీకా వేసిన పిల్లలకు రాలేదు. ఆ తరవాతి ఏడు నేను పడవ దిగేసరికి, ఆ పోసిన మనిషే చంటిబిడ్డను ఎత్తుకుని రేవులో నిలబడి ఉంది. 'ఇదిగో, దీనికి కూడా వెయ్యి' అంది. దణ్ణం పెట్టలేదు, ఏమీ లేదు. 'వెయ్యి' అంది, అంతే." పండు నోట్లో వేసుకున్నారు. "అందుకని ఇంకా తిరుగుతున్నాను."

ఆయన కూడా జీతం మాట ఎత్తలేదు. నేను అడిగితే మాత్రం సరిపోదని అరగంట చెప్పారు. ఆ అరగంటే నాకు పనికొచ్చేదనుకుని పూర్తిగా రాసుకున్నాను.

నేరేడుపర్రు

సాయంకాలానికి లాకు చేరాం. పడవ తలుపుల ముందు ఆగింది. మా ముందు ఇంకో రెండు పడవలు ఆగి ఉన్నాయి. మా బావ గట్టు మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. చేతులు ఊరికే ఉండగా ఆ మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు.

"ఏమోయ్ బావమరిదీ, మీ అక్క పిలిపించిందా?" అన్నాడు.

"ఊరికే చూసిపోదామని వచ్చాను బావా."

"గొడుగు లేకుండానా?"

కాసేపటికి అవతలి గట్టు నుంచి లాకు గుమాస్తా సుబ్బారావు గారు వంతెన దాటి వచ్చారు. చేతిలో మూరెడు పొడుగు ఇనప పిడి, ఒక చీటీ. ఆ పిడి మరకు తగిలించి తిప్పితే తలుపుల్లోని తూములు లేచి నీళ్ళు కదులుతాయి. మా బావ చీటీ తీసుకుని, పిడి తీసుకుని, తూములు ఎత్తి, మా ముందున్న రెండు పడవలూ దాటించి, పిడి మళ్ళీ ఆయనకిచ్చేశాడు. మా పడవ మాత్రం రేపు మధ్యాహ్నం దాకా దాటకుండా ఇక్కడే సరుకు దించుతుందని వీరాస్వామి చెప్పాడు.

రొయ్యలు వేసిన గోంగూర వడ్డిస్తూ మా అక్క కళ్ళతోనే నన్ను తొందరపెట్టింది. నేను జీతం గురించి మొదలుపెట్టాను. కృష్ణమూర్తి గారు చెప్పినదంతా వల్లించాను. "ఎంత ఇస్తే ఉంటావో చెప్పు బావా, అర్జీ నేను రాస్తాను" అన్నాను. బావ అన్నం కలపడం ఆపాడు.

"నేనడిగానా జీతం? ఆ రాసేదేదో రాజీనామా రాసి పెట్టు. మంచి మాటలతో రాయి, నీ చదువుకు తగ్గట్టు. రేపు ఆయనకివ్వాలి."

"వాడు రాయడు!" అంది అక్క.

"వీడు రాయకపోతే సుబ్బారావు రాస్తాడు. సంతోషంగా రాస్తాడు."

రాశాను. బావ దాన్ని మడిచి మొలలో దోపుకున్నాడు. అంతటితో ఊరుకోవలసింది. నేను రహస్యంగా ఇంకో కాగితం కూడా రాశాను: సూరన్నకు జీతం చాలడం లేదు, పెంచితే కొలువులో ఉండగలడు, లేకుంటే వదులుకుంటాడు, అని. రెండు పేజీలు. శ్లోకం కూడా ఒకటి పెట్టాను. బావ కాగితం కంటే ముందు ఇది ఓవర్సీరు గారి చేతిలో పడితే అంతా చక్కబడుతుందని నా నమ్మకం.

శుక్రవారం ఉదయం

పొద్దున్నే బావ వెదురు గడతో తలుపులకు చిక్కిన నాచు, తుక్కు లాగుతుంటే పక్కన కూర్చున్నాను. ఈసారి జీతం మాట ఎత్తలేదు. పోలయ్యనూ, కృష్ణమూర్తి గారినీ అడిగిన ప్రశ్నే అడిగాను.

"నీకు ఈ కొలువులో సంతోషం ఏంటి బావా?"

తుక్కు లాగుతూనే చెప్పాడు.

"ఈ లాకు దగ్గర పద్ధతి ఒకటుంది. ముందొచ్చిన పడవ ముందు. జమీందారైనా, కూలైనా. కానీ పురిటి నొప్పుల మనిషో, పాము కరిచినవాడో పడవలో ఉంటే వాళ్ళని ముందు పంపాలి. ఎవరిని పంపాలో లస్కరే చెప్పాలి. చెబితే పడవలవాళ్ళెవరూ నోరెత్తరు. నేను రాకముందు నించీ ఉంది. పదహారేళ్ళలో నా మాట ఒక్కడు కాదనలేదు." గడ గట్టున పెట్టాడు. "రెండు నెల్ల కిందట ఒక కంట్రాక్టరు రాళ్ళ పడవలు మూడు ఆగున్నాయి. వెనక చిన్న పడవలో నొప్పులు పడుతున్న పిల్ల. ముందు దాన్ని పంపాను. కంట్రాక్టరు పైకి రాశాడు. నాకు మెమో వచ్చింది. అది సరే. పిడి తీసుకెళ్ళి గుమాస్తా గదిలో పెట్టారు. ప్రతి పడవకీ ఆయన ముందు చీటీ రాయాలి, తరవాతే పిడి. ఇప్పుడు నేను తలుపులు తోసే ఎద్దుని. ఎద్దుకి జీతం పెంచుతావా?"

"ఈ మాట అక్కకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏడుస్తుంది. నాకోసం కాదు, ఆ పిల్ల కోసం. బిడ్డ దక్కలేదు."

నా రెండు పేజీల కాగితం అప్పుడే కాలవలో పడెయ్యవలసింది. పడెయ్యలేదు. శ్లోకం బాగా కుదిరిందనిపించింది.

ఓవర్సీరు గారి పడవ

మిట్టమధ్యాహ్నం ఎగువ నుంచి ఓవర్సీరు గారి పడవ వచ్చింది. ఆకుపచ్చ రంగు, ముందు బిళ్ళ బంట్రోతు. అప్పటికే వీరాస్వామి పడవతో కలిపి నాలుగు పడవలు దాటడానికి ఆగి ఉన్నాయి. సుబ్బారావు గారు గది తాళం వేసుకుని ఊళ్ళోకి భోజనానికి పోయారు. పిడి గదిలో ఉంది.

"ఏయ్ లస్కరూ, తలుపు తియ్యి! అయ్యగారు!" అని బంట్రోతు అరిచాడు.

"చీటీ కావాలండి" అన్నాడు మా బావ.

"ఎవరి పడవో కనపడటం లేదా?"

"కనపడుతోందండి. పిడి లేదండి. గుమాస్తా గారు భోజనానికెళ్ళారండి."

ఓవర్సీరు గారు పడవ గూటిలోంచి బయటికొచ్చారు. నడివయసు మనిషి, చెమటకు కోటు వీపుకు అంటుకుంది. "వెక్కిరింపా ఇది?" అన్నారు.

"కాదండి. లేని పిడితో తూములు ఎలా ఎత్తాలో నాకు తెలీదండి."

గుమాస్తా కోసం మనిషి పరుగెత్తాడు. అందరం ఎండలో నిలబడ్డాం. మా అక్క గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఇదే సమయమనుకున్నాను. ముందుకు పోయి దణ్ణం పెట్టి, నా కాగితం ఓవర్సీరు గారి చేతికిచ్చాను.

ఆయన చదివారు. మొదటి పేజీలోనే మొహం మారింది.

"ఓహో! జీతం పెంచకపోతే పోతాడా? దీనికోసమా నన్ను ఎండలో నిలబెట్టింది? వెయ్యిమంది ఉన్నారయ్యా ఈ పనికి. పొమ్మను. ఈ సాయంత్రమే ఇల్లు ఖాళీ చెయ్యమను."

అక్క గుమ్మంలో కూలబడింది. బావ నావైపు చూసిన చూపు రాయలేను. తరవాత ఆయన వైపు తిరిగాడు.

"ఆ కాగితం నాది కాదండి. మా బావమరిది కోరుకొండ నుంచి తెచ్చాడు. నాకు జీతం అక్కర్లేదండి. పొమ్మంటే పోతాను, మొలలో కాగితం సిద్ధంగానే ఉంది. కానీ జీతానికి పోయాడని మాత్రం రాయకండి."

"మరి దేనికి పోతావు?"

"పిడి లేనందుకండి."

ఆయనకు అర్థం కాలేదు. ముందు ఆగిన పడవ మీంచి వీరాస్వామి గొంతెత్తాడు. "నేను చెబుతానండి బాబూ! ఆ నొప్పులమ్మాయి పడవని ముందు పంపినందుకు వాడి చేతిలోంచి పిడి లాక్కున్నారండి. అప్పట్నించీ మేం ఇక్కడ రోజూ మీలాగే నిలబడుతున్నామండి. తమరు ఇవాళ ఒక్కరోజే."

తాడు లాగేవాళ్ళలో ఒకడు కిసుక్కుమన్నాడు. ఓవర్సీరు గారు నవ్వలేదు. అప్పుడే సుబ్బారావు గారు ఎడమచేత్తో పంచె పట్టుకుని, కుడిచెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చారు.

"పడవలు ఎంతసేపు ఆగుతాయి?" అని అడిగారు ఓవర్సీరు గారు.

"భోజనం వేళ మాత్రమేనండి."

"నిద్ర వేళ కూడానండి!" అని ఇంకో పడవలోంచి ఎవరో అన్నారు.

ఓవర్సీరు గారు తలపాగా తీసి తల తుడుచుకున్నారు. చీటీ పుస్తకం తెప్పించి చూశారు. చీటీ మీద పడవ వచ్చిన వేళ, దాటిన వేళ రాసే చోట్లున్నాయి. వేళలు చూస్తూ పేజీలు తిప్పారు. చివరికి గుమాస్తా చేతిలోంచి పిడి తీసుకుని మా బావకిచ్చారు.

"ఇది నీ దగ్గరే ఉంచుకో. చీటీ తరవాత రాస్తారు. పైకి నేను రాసుకుంటాను. మెమో మాత్రం తీసెయ్యడం నా చేతిలో లేదు."

"ఉండనివ్వండి. అది నిజమే కదండీ, ఆ పడవని ముందు పంపాను" అన్నాడు బావ.

"ఇప్పుడు నా పడవ పంపు."

మా బావ కాలవకేసి చూశాడు. "ముందు నాలుగున్నాయండి."

బంట్రోతు నోరు తెరిచాడు. ఓవర్సీరు గారు బావను ఒక నిమిషం చూసి, లోపలికి పోయి కూర్చున్నారు. అయిదో పడవగా దాటారు. ఆయన పోయాక బావ మొలలోంచి నేను రాసిన రాజీనామా తీసి, పిడికి అంటిన పాత ఆముదం దాంతో గట్టిగా తుడిచి, కాగితాన్ని కాలవలోకి విసిరాడు. నా మంచి దస్తూరి కాసేపు తేలింది.

ఋణాలు

శనివారం ఎగువకు పోయే పడవ పట్టుకుని ఆదివారం రాత్రికి ఇల్లు చేరాను. పోలయ్య మాట పక్కన పెట్టిన ప్రశ్న గుర్తును అలాగే వదిలేశాను, జవాబేదీ రాయలేదు. పఠన మందిరంలో ఆ మూడు కారణాల పుస్తకం మళ్ళీ తీశాను. పుస్తకం తప్పని అనను. రాసినాయన లాకు చూసి ఉండడు.

ఇక నా దణ్ణాలు. ధవళేశ్వరంలో పరాయివాణ్ణి నమ్మి మాట్లాడిన పోలయ్యకు. టీకాల కృష్ణమూర్తి గారికి. ఆయన చెప్పిన దాంట్లో సగమే విన్నాను, తప్పు నాది. తలపాగా దొరకబట్టి ఇచ్చినందుకూ, నేను మాట్లాడి చెడగొట్టినదాన్ని తాను మాట్లాడి నిలబెట్టినందుకూ సరంగు వీరాస్వామికి. చీటీల మీద వేళలు నిజాయితీగా రాసిన సుబ్బారావు గారికి. వినడానికి ఒప్పుకున్న ఓవర్సీరు గారికి; ఆయన పేరు ఎవరినడిగినా "ఓవర్సీరు గారే" అన్నారు. నన్ను తిట్టకుండా దారికి అరటాకులో పులిహోర కట్టిచ్చిన మా అక్క నూకమ్మకు.

మా బావకు కూడా బయల్దేరే ముందు అక్కడే, లాకు గట్టు మీదే, క్షమించమని చెప్పబోయాను. "పడవ వస్తోంది, పక్కకు జరుగు" అన్నాడు సూరన్న, పిడి మరకు తగిలిస్తూ.